మా బావకు ఏ గుంట దగ్గర ఎన్ని దెబ్బలు

రాష్ట్రం వస్తుందా రాదా అని అందరూ అందరినీ అడుగుతూ తిరిగిన ఆ ఏడు నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు పోవాలో తెలిసేది కాదు. మాది మానుకోట (కాగితాల్లో మహబూబాబాద్). జనగామలో లెక్కల డిగ్రీ పూర్తి చేసి, భూపాలపల్లిలో బొగ్గుగని సర్వే ఆఫీసులో కొత్తగా చేరాను. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. అదే గనిలో పనిచేసే మా బావ క్వార్టర్లో, మా అక్క వండింది తింటూ కాలం వెళ్లదీస్తున్నాను. అక్కకు నేనంటే ప్రాణం. బావకు నేనంటే జాలి. భూమి లోపలికి దిగి బొగ్గు తవ్వే మనిషికి, భూమి పైన టేపు పట్టుకుని తిరిగే మనిషిని చూస్తే జాలి కాక ఇంకేం కలుగుతుంది?

అలాంటి రోజుల్లో సమ్మె మొదలైంది. గనులు ఆగిపోయాయి. సైరన్ లేదు, డంపర్ల రొద లేదు. షిఫ్టుల్లో బతికిన మగవాళ్లకు పగలంతా ఇంట్లో ఏం చేయాలో తోచక, బాగున్న మంచాలను విప్పి మళ్లీ అల్లడం మొదలుపెట్టారు. మా బావ అయితే బాగున్న నల్లాను విప్పి బాగుచేశాడు. ఆ తర్వాత అది సమ్మె అయిపోయేదాకా కారుతూనే ఉంది. కాలనీ బడి గ్రౌండులో టెంట్లు వేసి, పొయ్యిలు తవ్వి, రోజూ వంటావార్పు చేసేవాళ్లం. నేను కూడా శిబిరంలో కూర్చునేవాణ్ణి. కాకపోతే టెంటు గుంజ వెనక కూర్చునేవాణ్ణి, ఫొటోలో సగమే పడేట్టు. (సగం ముఖానికి సగం శిక్షే వేస్తారని నా లెక్క.)

ఇంతలో బతుకమ్మ పండుగ దగ్గరపడింది. ఏటా ఆడే బడి గ్రౌండంతా పొయ్యిల గుంతలే. కాలనీలో ఆడుకోవడానికి స్థలం, చివర బతుకమ్మలను సాగనంపడానికి నీళ్లు, రెండూ ఒకేచోట ఉన్నది ఆఫీసర్ల క్లబ్బు వెనకాల గోల్ఫ్ గ్రౌండు ఒక్కటే. అవును, మాకు గోల్ఫ్ గ్రౌండు ఉండేది. పచ్చిక తివాచీలు ఊహించుకోకండి. పల్లేరుకాయలూ తుమ్మచెట్లూ ఉన్న బీడులో తొమ్మిది గుంటలు, అంతే. బంతిని చివరికి గుంటలోకి నెట్టే చోటును ఎక్కడైనా గ్రీన్ అంటారు. మా దగ్గర అది నల్లగా ఉండేది, ఎందుకంటే గడ్డి బతకదని ఇసుకలో వాడేసిన ఇంజన్ ఆయిల్ కలిపి, చదును చేసి పెట్టేవాళ్లు. వాకిలి ఊడ్చినట్టు నున్నగా ఉండేది.

గ్రౌండు అడగడానికి పెద్దసారు దగ్గరికి పోయినవాళ్లలో మా బావ ముందున్నాడు. పెద్దసారంటే మా ఏరియా మొత్తానికి అధికారి. విజయనగరం వైపు మనిషి. సమ్మెతో ఆయనకు కూడా కాలు నిలవడం లేదు. పై నుంచి ఫోన్లు, కింద నుంచి నినాదాలు. ఉన్న ఒక్క సరదా సాయంత్రం గోల్ఫ్. ఆ నల్ల ఇసుక చదును చెడిపోతుందని ఆయన భయం. "చూడండి, వందలమంది తిరిగితే అది మళ్లీ నెలకి గానీ దారిన పడదు. ఆడేవాళ్లకి తెలుస్తుంది ఆ బాధ," అన్నాడు.

"అండ్ల ఏముంది సార్," అన్నాడు బావ, "కట్టెతోని బంతిని కొట్టుడే గద. మేం చిన్నప్పుడు చిర్రగోనె ఆడినోళ్లమే." (చిర్రగోనె అంటే గిల్లీదండ.)

"అలాగా. అయితే నాతో ఆడి గెలువు, గ్రౌండు తీసుకో," అన్నాడు పెద్దసారు నవ్వుతూ. అందరూ నవ్వారు. బావ నవ్వలేదు. "ఎప్పుడు సార్?" అని అడిగాడు. మాట జారాక వెనక్కి తీసుకోవడం పెద్దసారుకు కూడా చేతకాలేదు. పండుగ మొదటి రోజు, ఎంగిలిపూల బతుకమ్మ నాటి సాయంత్రం పోటీ అని, ఆయన గెలిస్తే ఆడవాళ్లు ఇంకో చోటు చూసుకోవాలని, బావ గెలిస్తే పండుగ అయ్యేదాకా గ్రౌండు వాళ్లదేనని అక్కడికక్కడే తేలిపోయింది.

ఇక్కడి దాకా నాకు సంబంధం లేదు. ఆ తర్వాతే వచ్చింది. గోల్ఫ్‌లో ఒక మంచి పద్ధతి ఉంది. బలంగలవాడు బలహీనుడికి కొన్ని దెబ్బలు వదిలిపెట్టాలి. ఒక గుంటలో బంతి వేయడానికి బలహీనుడికి ఏడు దెబ్బలు పట్టాయనుకోండి, అక్కడ ఒక దెబ్బ మాఫీ ఉంటే ఆరు కిందే లెక్క. రెండు మాఫీ ఉంటే ఐదు. గుంట గుంటకూ తక్కువ దెబ్బలతో ఎవరు గెలిచారో చూసి, ఎక్కువ గుంటలు గెలిచినవాడిదే ఆట. ఎవరికి ఎన్ని దెబ్బలు వదలాలో క్లబ్బు తేలుస్తుంది. మా కంపెనీ దవాఖాన డాక్టరు సాబ్, ఓరుగల్లు మనిషి, క్లబ్బులో అందరికంటే మంచి ఆటగాడు, బావకు నాలుగు సాయంత్రాలు ఆట నేర్పి, మొత్తం పదమూడు దెబ్బలు వదలాలని తీర్పు చెప్పాడు. తొమ్మిది గుంటలకు పదమూడు. గుంటకొకటి పోగా నాలుగు మిగిలాయి. ఆ నాలుగూ ఏ నాలుగు గుంటలకు పోవాలి?

అందుకు ప్రతి గ్రౌండుకూ ఒక వరస ఉంటుంది. మొదటి దెబ్బ ఏ గుంటకు, రెండోది ఏ గుంటకు అని. మా గ్రౌండుకు కూడా ఉండేది. కానీ అంతకుముందు ఏడాది ఓపెన్‌కాస్టు గని మట్టి దిబ్బ పాకుతూ వచ్చి రెండు గుంటలను మింగేసింది. వాటికి బదులు వేరే చోట రెండు తవ్వారు గానీ వరసను ఎవరూ సరిచేయలేదు. లెక్కలు చదివానన్న ఒకే ఒక్క నేరానికి క్లబ్బు గోల్ఫ్ వ్యవహారాలు చూసే గౌరవ బాధ్యత నా మెడకు తగిలించి ఉన్నారు (గౌరవం అంటే జీతం లేదని అర్థం). పెద్దసారు పిలిపించాడు. "ఏవయ్యా, ఆ వరస మళ్లీ వెయ్యి. రూలు ప్రకారం వెయ్యి," అన్నాడు. 'రూలు' అన్న మాట దగ్గర నా వైపు చూశాడు. ఆ చూపులో నాకు నా ఉద్యోగం కనిపించింది. ఆయన బహుశా నా వెనక గోడ మీది గడియారాన్ని చూసి ఉంటాడని ఇప్పుడు అనిపిస్తుంది.

ఇంటికొస్తే బావ మంచం మీద కూర్చుని ఉన్నాడు. "బామ్మర్దీ, నువ్వేనట గద దెబ్బలు పంచేది. నాకు ఎక్కువ వొద్దు. మడుగు గుంట కాడ రెండు పెట్టు, మిగిలినయి నీ ఇష్టం." మడుగు గుంట అన్నిటికంటే పొట్టిది. మధ్యలో చిన్న నీటిమడుగు. సరిగ్గా కొడితే ఒక్క దెబ్బకు అవతల పడుతుంది. బావకు దూరం కొట్టమంటే కష్టం లేదు, చిర్రగోనె చేతులు. దగ్గర కొట్టమంటేనే చేయి ఆగేది కాదు. నేర్చుకున్న నాలుగు సాయంత్రాల్లో ఆయన పోగొట్టిన బంతులన్నీ ఆ మడుగు అడుగునే ఉన్నాయి.

నేను డాక్టరు సాబ్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన రోగి నాలుక చూస్తూనే చెప్పాడు. "మియా, దీంట్ల ఒక ఉసూల్ ఉన్నది." (ఉసూల్ అంటే నియమం. నేను వసూలు అని విని చందా కోసం జేబు తడుముకున్నాను.) "కష్టమైన గుంటకే మొదటి దెబ్బ అని అందరు అనుకుంటరు. సగమే నిజం. కష్టం ఇద్దరికి ఒక్కతీరే ఉంటే దెబ్బ ఇచ్చి ఏం ఫాయిదా? ఎక్కడ ఒక్క దెబ్బ ఇస్తే కమ్‌జోర్ ఆటగాడు బరాబర్ అయితడో, అక్కడ ఇయ్యాలె. మామూలుగ అది పొడుగు గుంటల కాడనే పడతది. ఇంకోటి యాదుంచుకో. అన్నీ ఒక్క దిక్కు కుప్ప పొయ్యొద్దు. జర దూరం దూరం చల్లు. ఆఖరి గుంటకు దాచిపెడితే అక్కడికి పొయ్యేలోపటనే ఆట ఖతం కావచ్చు, ఇచ్చిన దెబ్బ ముట్టకనే పోతది."

"మరి మా బావకు పొట్టి గుంట కాడనే అవసరం గద సాబ్?"

"ఈ వరస మీ బావకా, గ్రౌండుకా? రేపు నేను ఆడినా, పెద్దసారు భార్య ఆడినా ఇదే వరస," అని రోగి వైపు తిరిగి "ఆ అను" అన్నాడు. ఆ రోగి, నేను ఇద్దరం "ఆ" అన్నాం.

ఆ తర్వాత నేను గడిపిన రోజులు పగవాడికి కూడా వద్దు. పొద్దున్నే సర్వే టేపు తీసుకుని గ్రౌండుకు పోయేవాణ్ణి. ఒక్కో గుంటనూ కొలిచేవాణ్ణి, మళ్లీ కొలిచేవాణ్ణి, తుమ్మచెట్టు కింద కూర్చుని ఒక వరస వేసి, లేచి నడుస్తూ దాన్ని కొట్టేసేవాణ్ణి. మొదటి గుంటకు రెండు దెబ్బలిస్తే ఆట మొదలుకాకముందే దానం చేసినట్టుంటుందని పెద్దసారు అనుకోవచ్చు. ఇవ్వకపోతే నేను పెద్దసారు మనిషినని బావ అనుకోవచ్చు. పెద్దసారు భార్య ఒకసారి కారు ఆపి, "ఏం బాబూ, రోజూ ఇక్కడే తిరుగుతున్నావు?" అని అడిగింది. "గుంటల వెంట తిరుగుతున్నానమ్మా," అన్నాను. ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాపుకోలేక కారు పోనిమ్మంది. వాళ్ల వైపు గుంట అంటే ఆడపిల్ల అని నాకు చాలా కాలం తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం సినిమాల్లో మా యాసను విని నవ్వినట్టే నవ్విందని ఉడుక్కుని, ఆ కోపంలో ఐదో గుంటను తప్పు కొలిచాను.

చివరికి రూలు ప్రకారమే వేశాను. రెండేసి దెబ్బలు పొడుగ్గా ఉన్న నాలుగు గుంటలకు, రెండోది, నాలుగోది, ఐదోది, ఏడోది. మడుగు గుంట ఎనిమిదోది. వరసలో అన్నిటికంటే చివర. అక్కడ బావకు ఒక్కటే. క్లబ్బు గోడకు అంటించి వచ్చాను. ఆ రాత్రి బావ నా కంటే ముందే తిని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అక్క అన్నం పెట్టింది. పచ్చిపులుసు మాత్రం అడిగితే గానీ పొయ్యలేదు, అదీ గిన్నె దూరంగా పెట్టి.

"రూలు అట్లున్నదక్కా," అన్నాను.

"ఉంటది తీ," అంది అక్క. "రూలు ఎప్పుడైనా మనకు కావల్సిన కాడ ఉన్నదా?"

ఉద్యమం మొత్తం మీద విన్న ఉపన్యాసాలన్నీ కలిపినా నాకు ఆ ఒక్క మాటంత గుర్తులేవు.

పోటీ రోజు మధ్యాహ్నం దాటేసరికి శిబిరం శిబిరమే గ్రౌండుకు కదిలింది. బావ గని బూట్లు వేసుకుని వచ్చాడు. పెద్దసారు తెల్లటి టోపీ పెట్టుకున్నాడు. డాక్టరు సాబ్ పంచాయితీ పెద్ద, నేను లెక్కవాణ్ణి. బావ మొదటి దెబ్బ కొట్టగానే "జై తెలంగాణ" అని గ్రౌండంతా అరిచింది. బంతి కూడా ఆ ఊపుకే పోయినట్టు దూరం పోయింది. పెద్దసారు కర్ర ఎత్తగానే మళ్లీ ఎవరో అందుకోబోతే బావ వెనక్కి తిరిగి చెయ్యెత్తాడు. "సారు కొట్టేటప్పుడు నినాదాలు బంద్. ఆట ఆటే." అంతే, గ్రౌండు మొత్తం చప్పుడు లేదు. ఎవరూ దగ్గలేదు కూడా. వారాల తరబడి నినాదాల మధ్య బతికిన పెద్దసారుకు ఆ నిశ్శబ్దం కొత్త. అంతమంది ఊపిరి బిగబట్టి తననే చూస్తుంటే ఆయన కొట్టిన బంతి ముక్కుసూటిగా పోయి తుమ్మచెట్టుకు తగిలింది. రెండో గుంట దగ్గర ఆయనే బావ చెవిలో, "ఏదో కాస్త మాట్లాడుకోమనవయ్యా," అన్నాడు.

ఇక నా వరస సంగతి. నేను రెండేసి దెబ్బలు ఇచ్చిన పొడుగు గుంటల్లో బావ నాలుగింటా ఓడిపోయాడు. దూరం కొట్టాలన్న ఉత్సాహంలో బంతిని మట్టిదిబ్బ వైపు పంపి, దాన్ని వెతకడానికి సగం శిబిరాన్ని పంపి, అది దొరికిన చోట పల్లేరు కంప మధ్యలో నిలబడి, రెండు కాదు ఇంకో రెండిచ్చినా లాభం లేనంతగా కొట్టాడు. ఒక్కటే ఇచ్చిన గుంటల్లో మాత్రం ఒకటొకటిగా గెలుచుకుంటూ వచ్చాడు. ఓడిన ప్రతిసారీ నా వైపు ఓ చూపు. గెలిచిన ప్రతిసారీ కూడా అదే చూపు. మడుగు గుంటకు వచ్చేసరికి పెద్దసారు ఒక గుంట ముందున్నాడు. ఇక్కడ కూడా పోతే ఆట అయిపోయినట్టే. బావ నీళ్ల వైపు చూశాడు, నన్ను చూశాడు, డాక్టరు సాబ్ నేర్పిన పట్టు వదిలేసి కర్రను చిర్రగోనె కట్టె పట్టినట్టు పట్టి, మోకాళ్లు వంచి ఒక్కటి లేపాడు. బంతి చెట్లంత ఎత్తు లేచి, మడుగు దాటి, నల్ల ఇసుక అంచున పడింది. పెద్దసారు బంతి నీళ్లలో పడింది. ఆట సమం.

ఆఖరి గుంట క్లబ్బు ముందు. ఇద్దరూ చెరో మూడు దెబ్బలు కొట్టి దగ్గరికి వచ్చేసరికి కాళ్లు ఆగిపోయాయి. పొద్దు వాలుతోంది. కాలనీ ఆడవాళ్లు ఎంతసేపని చూస్తారు? తంగేడు పూలు వాడిపోతున్నాయి. ఎవరు గెలిచేదీ వాళ్లు తర్వాత చూసుకుంటారని, ఊడ్చిన వాకిలిలా నున్నగా కనిపించిన ఆ నల్ల ఇసుక మధ్యలో, సరిగ్గా గుంటలో గుచ్చిన జెండా కర్ర చుట్టూ బతుకమ్మలను దించి, వలయం కట్టి చప్పట్లు మొదలుపెట్టారు. అందరికంటే ముందు మా అక్క.

పెద్దసారు డాక్టరు సాబ్ వైపు చూశాడు. డాక్టరు సాబ్ నా వైపు చూశాడు. "రూలు ఏమంటదయ్యా?" అన్నాడు. గుంట దారిలో కదిలే వస్తువు అడ్డముంటే తీసి పక్కన పెట్టొచ్చు, కదలనిదైతే ఆటగాడే పక్కకు జరగాలి అని చెప్పాను. "అయితే అడిగి రా, తీస్తారేమో," అన్నాడు పెద్దసారు. నేను పోయాను. వలయం ఆగలేదు. అక్క నా ముందు నుంచి ఒకసారి తిరిగి పోయింది, రెండోసారి తిరిగి వచ్చింది.

"అక్కా, జర పక్కకు పెట్టరాదు. రెండు దెబ్బలే ఉన్నయి."

"చెయ్యి పెట్టి చూడు తమ్మీ," అంది అక్క, చప్పట్లు ఆపకుండానే. అంత ప్రేమగా ఆమె నన్ను ఎప్పుడూ బెదిరించలేదు.

తిరిగి వచ్చాను. ఒకవైపు బావ, ఒకవైపు నా ఉద్యోగం. వెనక శిబిరమంతా. నడుస్తున్నంతసేపూ ఏం చెప్పాలో తెలియదు. నోరు తెరిస్తే వచ్చింది. "కదలని అడ్డంకి సార్."

పెద్దసారు వలయం వైపు చూశాడు. అప్పటికే ఆయన భార్య కారు దిగి, చెప్పులు విడిచి, మా అక్క పక్కన చప్పట్లు తప్పుగా కొడుతూ తిరుగుతోంది. "నిజమే, అది కదిలేలా లేదు," అన్నాడాయన. వంగి తన బంతిని తీసి జేబులో వేసుకుని బావకు చెయ్యిచ్చాడు. "సమం. సమం అయితే గ్రౌండు ఇద్దరిదీ. పొద్దున మాకు, సాయంత్రం మీకు." బావ ఆ చెయ్యి పట్టుకుని, "మంచిగ ఆడిన్రు సార్," అని, "మడుగు కాడ జర నవ్వొచ్చింది," అని కలిపాడు.

చీకటి పడుతుండగా బతుకమ్మలను మడుగులో వదిలారు, బావ పోగొట్టిన బంతుల పైన. ఇంటికొచ్చాక చూస్తే అక్క పట్టుచీర అంచంతా ఇంజన్ ఆయిల్ మరకలు. కాలనీలో అన్ని చీరలదీ అదే గతి. మర్నాటి నుంచి వాళ్లంతట వాళ్లే ఆ నల్ల ఇసుక జోలికి పోకుండా పక్కన గడ్డి మీద ఆడుకున్నారు. మరక పోవడానికి కిరసనాయిలు, సున్నం, సబ్బు అన్నీ రుద్ది, పోకపోయేసరికి అక్క ఆ తప్పు కూడా నా వరస మీదే వేసింది. బావ మాత్రం ఆ రాత్రి అన్నం దగ్గర, "మడుగు కాడ రెండిచ్చి ఉంటే నేను గంత గట్టిగ కొట్టకపోదును," అన్నాడు. అది మెచ్చుకోలో, దెప్పిపొడుపో నాకు ఇప్పటికీ తెలియదు. నా ఉద్యోగం మిగతా అందరితో పాటే, అదే ఆలస్యంతో ఖాయమైంది. పెద్దసారుకు నా పేరు ఎప్పుడూ తెలియదని బదిలీ మీద పోయేటప్పుడు అర్థమైంది. "నువ్వు ఆ అంపైరు కుర్రాడివి," అని భుజం తట్టి కారెక్కాడు.

మొన్న మా అమ్మాయి బడిలో, మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉద్యమంలో ఏం చేశారో అడిగి రమ్మన్నారట. దాని స్నేహితురాలి తండ్రి రైలు ఆపాడు, ఇంకొకరి తాత జైలుకు పోయాడు. "డాడీ, నువ్వేం చేసినవ్?" అంది. నేను గోల్ఫ్ గుంటలకు దెబ్బలు పంచానని చెబితే, బాగా ఆలోచించి, "నేను అమ్మను అడిగి చెప్తా," అని లోపలికి పోయింది. దానికి చెప్పలేదు గానీ, ఇప్పుడు సర్వే ఆఫీసరుగా నా ముందుకు అంతకంటే చాలా పెద్ద తగాదాలే వస్తున్నాయి. ఒక్క మాటలో తేల్చేసి, భోంచేసి, హాయిగా నిద్రపోతున్నాను. తొమ్మిది గుంటల కోసం టేపు పట్టుకుని తుమ్మచెట్ల మధ్య తిరిగిన ఆ బక్క కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది. ఆ నవ్వు ఆగాక, ఎందుకో లేచి కాసేపు వాకిట్లో అటూ ఇటూ నడుస్తాను.